నూనెల హైడ్రోమీటర్ సెట్: గాజుకు మంచి మార్కులు, పెట్టెలోని అట్టకు సున్నా

నూనె కిలోల లెక్కన వస్తుంది, సీసాల్లోకి లీటర్ల లెక్కన వెళ్తుంది. ఈ రెండు లెక్కలనీ కలపడానికి అమ్మే సెట్లు ఏ పేరుతో ఉన్నా పెట్టె విప్పితే కనిపించేవి దాదాపు ఒకటే. సన్నటి కాడ, కింద బరువైన బుడ్డి ఉండి, నూనెలో తేలుతూ దాని సాంద్రత చూపించే గాజు హైడ్రోమీటర్ ఒకటి, నిలువు కొలజాడీ ఒకటి, థర్మామీటర్ ఒకటి, కిలోలకు ఎదురుగా లీటర్లు అచ్చేసిన అట్ట ఒకటి. డబ్బు పెట్టాల్సింది మొదటిదాని కోసమే. థర్మామీటర్ ఫర్వాలేదు, జాడీతో తరచూ తంటాయే. అట్ట మాత్రం జాడీ కింద నూనె మరకలు పడకుండా పరుచుకోవడానికి బాగుంటుంది.

ముందు ఆ అట్ట సంగతే తేల్చేద్దాం. చాలా సెట్లలో అన్ని నూనెలకూ కలిపి ఒక్క 0.92 సాంద్రత (అంటే లీటరుకు 0.92 కిలో) పెట్టుకుని పట్టిక మొత్తం కట్టేస్తారు. లెక్క చిన్నదే: కిలోలను సాంద్రతతో భాగిస్తే లీటర్లు. 15 కిలోలను 0.92తో భాగిస్తే 16.30 లీటర్లు. భాగించాల్సింది పోయి గుణిస్తే 13.8 వస్తుంది, అంటే రెండున్నర లీటర్లు గల్లంతు. నీళ్ల కన్నా తేలికైన నూనెకి లీటర్ల అంకె ఎప్పుడూ కిలోల అంకె కంటే పెద్దదిగానే ఉండాలి. అలా లేకపోతే గుర్తు తిరగబడిందన్నమాట. ఇంతవరకు అట్టలో తప్పు లేదు. చిక్కంతా ఆ 0.92 ఏ నూనెది, ఎంత వేడి దగ్గరిది అన్నచోటే ఉంది.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంపుటి అయిన కోడెక్స్ అలిమెంటేరియస్ ప్రమాణంలో పొద్దుతిరుగుడు నూనెకి 0.918 నుంచి 0.923, సోయా నూనెకి 0.919 నుంచి 0.925, నువ్వుల నూనెకి 0.915 నుంచి 0.924 అని ఉంటుంది. ఇవన్నీ 20 డిగ్రీల దగ్గరి అంకెలు. అదే ప్రమాణంలో కొబ్బరి నూనెకి ఇచ్చిన 0.908–0.921 మాత్రం 40 డిగ్రీల దగ్గరిది, పామాయిల్‌కి ఇచ్చిన 0.891–0.899 అయితే 50 డిగ్రీల దగ్గరిది. ఎందుకంటే ఆ రెండూ చల్లబడితే గడ్డకట్టేవి, పూర్తిగా కరిగాకే కొలవాలి. వేడి సంగతి పక్కనపెట్టి ఈ అంకెలన్నిటినీ ఒకే వరుసలో పేర్చిన పట్టికలు ఎన్నో తిరుగుతున్నాయి. వాటిని చూసి పామాయిల్ పుట్టుకతోనే అంత తేలిక అనుకుంటారు. దాని తేలికతనంలో మంచి భాగం ఆ 50 డిగ్రీల వేడి వల్ల వచ్చిందే.

ఇంకో మెలిక ఉంది. పైన చెప్పినవి సాపేక్ష సాంద్రతలు, అంటే 20 డిగ్రీల నీటితో పోల్చిన నిష్పత్తులు. 20 డిగ్రీల దగ్గర నీరు లీటరుకు సరిగ్గా కిలో తూగదు, 998.2 గ్రాములు తూగుతుంది. కాబట్టి 0.921 సాపేక్ష సాంద్రత ఉన్న నూనె లీటరు నిజంగా తూగేది 0.921 × 0.9982, అంటే 919 గ్రాములు. 15 కిలోల డబ్బాలో ఈ తేడా 30 మి.లీ. దాకా వస్తుంది. ఒక డబ్బాకైతే పట్టించుకోనక్కర్లేదు, వంద డబ్బాలు వరసగా నింపేచోట మూడు లీటర్లు. హైడ్రోమీటర్ కొనేటప్పుడు స్కేలు మీద మి.లీ.కి గ్రాములు అనో, ఘనమీటరుకు కిలోలు అనో రాసి ఉందో లేక ఊరికే స్పెసిఫిక్ గ్రావిటీ (సాపేక్ష సాంద్రతకే ఇంగ్లీషు పేరు) అని ఉందో చూడమనేది ఇందుకే. రెండోదైతే ఏ ఉష్ణోగ్రత నీటితో పోల్చారో కూడా పక్కన రాసి ఉండాలి.

వేడి దెబ్బ దీనికంటే చాలా పెద్దది. వంటనూనెల సాంద్రత ఒక్కో డిగ్రీకి సుమారు 0.00065 నుంచి 0.0007 వరకు పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 0.919 ఉన్న నూనె 35 డిగ్రీలకు వచ్చేసరికి 0.909 చుట్టుపక్కల ఉంటుంది. అదే 15 కిలోలు మొదటి వేడి దగ్గర 16.32 లీటర్లు, రెండో వేడి దగ్గర 16.50 లీటర్లు. నూనె ఒక్క చుక్క కూడా పెరగలేదు, తూకం మారలేదు, లీటర్లు మాత్రం 180 మి.లీ. పెరిగాయి. అట్టలో ఈ మాటే ఉండదు. ఫోన్‌లో దొరికే కాలిక్యులేటర్లలో కూడా నూనె పేరు ఎంచుకునే గడి ఉంటుంది గానీ ఉష్ణోగ్రత అడిగేవి తక్కువ. అవి 16.304348 అని ఆరు దశాంశాలతో జవాబు చూపిస్తాయి. మొదటి దశాంశం దగ్గరే అనుమానం ఉన్న అంకెకి తక్కిన ఐదూ అలంకారమే.

ఇక గాజు విషయం. మంచి హైడ్రోమీటర్ దొరికితే పై గొడవల్లో చాలామటుకు తీరిపోతాయి. ఎందుకంటే అది ఈ నూనె, ఈ నిమిషాన, ఈ వేడి దగ్గర లీటరుకు ఎంత తూగుతుందో నేరుగా చెబుతుంది. డబ్బాలోని నూనె, జాడీలోని నమూనా ఒకే వేడి మీద ఉన్నంతసేపు థర్మామీటర్ అవసరమే లేదు. చూపించిన అంకెతో కిలోలను భాగిస్తే ఆ వేడి దగ్గర ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఎంత అని తెలుసుకోవాల్సి వచ్చినప్పుడే థర్మామీటర్, డిగ్రీకి 0.00067 సవరణ కావాలి. 30 డిగ్రీల దగ్గర 0.912 చూపిస్తే 20 డిగ్రీల లెక్కకు 0.0067 కలిపి 0.919 అనుకోవాలి. వేడి నుంచి చల్లటికి తెచ్చేటప్పుడు కలపాలి, చల్లటి నుంచి వేడికి తీసేయాలి.

సెట్లలో వచ్చే హైడ్రోమీటర్లు రెండు రకాలు. 0.700 నుంచి 1.000 దాకా ఒకే కాడ మీద ఇరికించి, గీతకీ గీతకీ 0.005 తేడా పెట్టినవి ఒక రకం. అన్ని నూనెలకూ ఒక్కటే చాలు అని పెట్టె మీద గొప్పగా రాసుకునేవి ఇవే. ఒక గీత తప్పు చదివితే 15 కిలోలకు దాదాపు 90 మి.లీ. తేడా, అలాంటప్పుడు అట్ట చూసుకున్నా ఒకటే. 0.900–0.950 మధ్యనే పరిచి 0.001 గీతలు పెట్టినవి రెండో రకం. వీటిలో ఒక గీత తప్పినా 18 మి.లీ. దాటదు. ఐఎస్‌ఓ 649 అనే అంతర్జాతీయ హైడ్రోమీటర్ ప్రమాణంలో ఈ రెండో రకాన్ని ఎం50 అంటారు. గీతకు 0.0005 ఉండేది ఎల్50, గీతకు 0.002తో 0.100 వెడల్పు ఉండేది ఎం100. నూనెలు నింపే పనికి ఎం50 చాలు. ఎల్50 మంచిదే గానీ నూనె వేడిని అర డిగ్రీ లోపు నిలబెట్టలేనిచోట దాని అదనపు గీతలు వృథా.

స్కేలు మీద చూడాల్సిన ఇంకో మాట తలతన్యత, అంటే ద్రవం పైతలం బిగుతుగా లాగే గుణం. కాడ చుట్టూ ద్రవం కొద్దిగా పైకి ఎగబాకుతుంది, ఆ ఎగబాకిన ద్రవం కాడను కిందికి లాగుతుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, వంటనూనెలది సుమారు 32 నుంచి 35. అంటే నీళ్ల లాంటి ద్రవాలకు గీతలు పెట్టిన హైడ్రోమీటర్‌ను నూనెలో వేస్తే లాగే బలం సగానికి తగ్గి, అది ఉండాల్సిన దానికన్నా కాస్త పైన తేలుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. 4 మి.మీ. కాడ, 60 గ్రాముల బరువు ఉన్న దానిలో ఈ తప్పు 0.0007 దాకా వస్తుంది, ఒక గీతకు కాస్త తక్కువ. నూనెల కోసం అని చెప్పి అమ్మేవాటి మీద తక్కువ తలతన్యతకు అని ఉండాలి. లేకపోతే ఇంకేదో పనికి చేసినదానికి పేరు మార్చారేమో అని అనుమానించాల్సిందే.

జాడీ దగ్గర ఎందుకు తంటా అంటున్నామంటే, పెట్టె చిన్నదిగా ఉండాలని సన్న జాడీ పెడతారు. జాడీ లోపలి వెడల్పు బుడ్డి వెడల్పు కంటే 25 మి.మీ. ఎక్కువ ఉండాలి, తేలుతున్నప్పుడు బుడ్డి అడుగుకూ జాడీ అడుగుకూ మధ్య మరో 25 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇరుకు జాడీలో గాజు పక్కకు వాలి గోడకు అంటుకుంటుంది. చిక్కటి నూనెలో అలా అంటుకున్నది తనంతట తాను విడిపోదు, చూసేవాళ్లకేమో చక్కగా నిలబడినట్టే కనిపిస్తుంది. జాడీ మీది మి.లీ. గీతలతో సాంద్రత కట్టాలని చూడడం ఇంకో పొరపాటు. 100 మి.లీ. కొలజాడీ ప్రయోగశాలకు చేసిన ఎ తరగతిదైనా అర మి.లీ. అటూ ఇటూ ఉండొచ్చు, బి తరగతిదైతే ఒక మి.లీ. అంటే ఒక శాతం. హైడ్రోమీటర్ గీత కంటే అది తొమ్మిది రెట్లు మోటు. ఆ గీతలు జాడీలో నూనె ఎంత పోశామో చూసుకోవడానికే.

చదివే పద్ధతిలోనే సగం నేర్పు ఉంది. నూనెను జాడీలోకి ఎత్తు నుంచి ధారగా పోయకూడదు, గోడ వెంట జారవిడవాలి. లేకపోతే సన్న బుడగలు నిండిపోతాయి, అవి బుడ్డికి పట్టుకుని దాన్ని పైకి ఎత్తుతాయి, అంకె ఎక్కువ పడుతుంది. నిండిన జాడీని పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. కాడను పైభాగాన రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా దించి, తేలే చోటుకు వచ్చాక రెండు గీతలు మాత్రమే కిందికి నొక్కి, కొద్దిగా తిప్పి వదలాలి. తిప్పడం వల్ల గోడకు దూరంగా నిలబడుతుంది. రెండు గీతల కంటే లోతుగా ముంచేస్తే పైన తడిసిన కాడ మీద నూనె పొర మిగిలిపోతుంది. ఆ పొర బరువుకి గాజు ఇంకాస్త మునిగి, అంకె తక్కువ చూపిస్తుంది. అలా జరిగితే జాడీలోనే తంటాలు పడకుండా బయటికి తీసి, కాడ తుడిచి, మళ్లీ మొదలుపెట్టడమే తొందరగా అయ్యే పని.

నిలకడగా ఆగాక కంటిని నూనె మట్టానికి కొంచెం కింద నుంచి మొదలుపెట్టి పైకి తేవాలి. కింద నుంచి చూస్తే నూనె పైతలం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది, కన్ను పైకి వస్తున్నకొద్దీ అది సన్నబడి ఒకే గీత అవుతుంది. ఆ గీత కాడను కోసే చోటే చదవాలి. కాడను అంటుకుని పైకి ఎగబాకిన అంచు దగ్గర చదివితే అంకె తక్కువ వస్తుంది, ఎందుకంటే కాడ మీద పైకి పోయేకొద్దీ అంకెలు తగ్గుతాయి. నల్లగా, లోపలికి చూపు పోని నూనెలకు వేరే దారి లేదు, ఎగబాకిన అంచు పైనే చదివి తయారీదారు ఇచ్చిన సవరణ కలుపుకోవాలి.

పొద్దుతిరుగుడు, సోయా లాంటివాటిలో గాజు నిమిషం లోపే నిలబడిపోతుంది. ఆముదంలో మాత్రం ఓపిక కావాలి. 20 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత, అంటే పారడానికి అడ్డుపడే చిక్కదనం, వెయ్యి సెంటీపాయిజ్ ప్రాంతంలో ఉంటుంది, పొద్దుతిరుగుడు నూనె కంటే పది రెట్లకు పైగా. వదిలాక కూడా చాలాసేపు మెల్లగా జారుతూనే ఉంటుంది, ఆగింది అనిపించాక ఇంకో ఐదు నిమిషాలు చూడాలి. పైగా ఆముదం సాంద్రత 0.96 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి 0.900–0.950 గాజు దానికి పనికిరాదు, కాడ గీతలన్నీ దాటి పైకి లేచి నిలబడుతుంది. దానికి 0.950–1.000 వేరే కొనాలి. ఇంజిన్ ఆయిళ్లు సాధారణంగా 0.85–0.89 మధ్య ఉంటాయి, ఇదే గాజు వాటిలో కాడ మొత్తం మునిగిపోయేదాకా పోతుంది.

థర్మామీటర్‌కి ఫర్వాలేదు అన్నాం గానీ, రెండు డిగ్రీలు తప్పు చూపిస్తే 20 డిగ్రీల లెక్కలో 0.0013 తేడా పడుతుంది, 15 కిలోలకు 24 మి.లీ. దాన్ని జాడీలో నూనె మధ్యకు దించి, కలిపి, హైడ్రోమీటర్ చదివే ముందూ తర్వాతా రెండుసార్లు చూడాలి. రెండు చూపులకూ అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే నమూనా ఇంకా చల్లబడుతోందన్నమాట, ఆ చదువు లెక్కలోకి రాదు. గాజు కూడా వేడికి వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీలకు గీతలు పెట్టినదాన్ని 35 డిగ్రీల దగ్గర వాడితే 0.0003 ఎక్కువ చూపిస్తుంది. గీతకు 0.001 ఉన్న గాజులో ఇది కంటికే ఆనదు, వదిలేయొచ్చు.

ఈ సెట్లలో అన్నిటికన్నా చెడ్డ లోపం బయటికి కనపడదు. అంకెలున్న కాగితం చుట్టను కాడ లోపల జిగురుతో అంటిస్తారు. రవాణాలో కుదుపులకో వేడికో అది రెండు మి.మీ. జారితే ప్రతి చదువూ అంతే తప్పుతుంది, గాజు మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. నీళ్లలో వేసి సరిచూద్దామంటే కుదరదు, 0.900–0.950 స్కేలు నీటి దాకా రాదు. కాబట్టి కొన్న రోజే ఒక్కసారి తూకంతో పోల్చి చూడాలి.

దానికి 100 మి.లీ. గీత ఉన్న ఫ్లాస్కు, 0.01 గ్రాము చూపించే కాటా చాలు. ఖాళీ ఫ్లాస్కు 64.20 గ్రాములు, గీత దాకా 25 డిగ్రీల నీళ్లతో 163.80, తుడిచి ఆరబెట్టి అదే వేడి ఉన్న నూనెతో 155.80 అనుకుందాం. నూనె 91.60, నీరు 99.60. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 25 డిగ్రీల నీటి సాంద్రత 0.9970తో గుణిస్తే 0.917. అదే నూనెలో అదే వేడి దగ్గర హైడ్రోమీటర్ 0.916 నుంచి 0.918 లోపు చూపిస్తే ఉంచుకోవచ్చు. 0.921 చూపిస్తే వెనక్కి పంపాలి. నీళ్లతో కూడా తూచడం దండగ పని అనిపించొచ్చు గానీ, ఫ్లాస్కు గీతలో ఉన్న తప్పూ, గాలి తేలగొట్టే బరువూ ఈ భాగహారంలోనే దాదాపు కొట్టుకుపోతాయి. నీళ్లు తూచకుండా నూనె గ్రాములను నేరుగా 100తో భాగిస్తే 0.916 వస్తుంది, గాలి వల్లనే 0.1 శాతం పోయింది. కాటా ఒక గ్రాము మాత్రమే చూపించేదైతే 100 మి.లీ. ఫ్లాస్కు వద్దు, సన్న మూతి ఉన్న లీటరు సీసా తీసుకోవాలి. 100 మి.లీ.లో ఒక గ్రాము అంటే ఒక శాతం తప్పు, లీటరులో అదే గ్రాము 0.1 శాతమే.

నూనెల పేరుతో వేరే స్కేళ్లు కూడా పెట్టెల్లో దూరుతుంటాయి. ఏపీఐ డిగ్రీల గాజు పెట్రోలియం పనికి చేసింది, అందులో అంకె పెరిగేకొద్దీ నూనె తేలిక. 141.5ను ఆ అంకెకు 131.5 కలిపిన మొత్తంతో భాగిస్తే సాపేక్ష సాంద్రత, కాబట్టి 22 అంటే 0.922. తేలిక ద్రవాల బోమె స్కేలులో 140ని ఆ అంకెకు 130 కలిపిన మొత్తంతో భాగించాలి, అక్కడ 22 అంటే 0.921. రెండూ ఇంత దగ్గరగా ఉండబట్టే ఒకదాన్ని ఇంకోటి అనుకుని వాడేసినా ఎవరికీ అనుమానం రాదు.

అట్ట వెనక వైపు గ్యాలన్లు, ఔన్సులు ఉంటే ఇంకో ప్రమాదం. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. ఏదో చెప్పని పట్టిక చూడనేకూడదు. ఔన్సు బరువూ అవుతుంది, కొలతా అవుతుంది. 8 ఔన్సుల నూనె తూకమైతే 227 గ్రాములు, అమెరికా ద్రవ ఔన్సులైతే 218 గ్రాములు.

గాజును వాడాక వెంటనే గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడవాలి. అవిసె నూనె విషయంలో ఇది మరీ ముఖ్యం, అది గాలికి ఆరి కాడ మీద వార్నిష్ పొరలా గట్టిపడుతుంది, తర్వాత ప్రతి చదువులోనూ ఆ పొర బరువు కలిసిపోతుంది. మరుగుతున్న నూనెలో వేయకూడదు. కొన్నింటిలో అడుగున ఉన్న సీసపు గుళ్లను మైనంతో అతికిస్తారు. మైనం మెత్తబడి గుళ్లు ఒక పక్కకు జరిగితే గాజు ఇక నిటారుగా నిలబడదు. జాడీలోనే బుడ్డి పగిలి గుళ్లు నూనెలో కలిస్తే ఆ నూనె తినడానికి పనికిరాదు, వడకట్టి వాడుకోవాలని చూడొద్దు.

లవంగ నూనె లాంటి సుగంధ తైలాలు పది, ఇరవై మి.లీ. చొప్పున కొనేవాళ్లకు ఈ సెట్ ఎందుకూ పనికిరాదు. జాడీ నిండాలంటేనే పావు లీటరు నుంచి అర లీటరు దాకా పోయాలి. పైగా లవంగ నూనె నీటి కంటే బరువు, సాంద్రత 1.04 పైన ఉంటుంది, దానికి లీటర్ల అంకె కిలోల కంటే చిన్నదిగా వస్తుంది. వాళ్లకు కావాల్సింది 10 మి.లీ. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిలు, సన్న రంధ్రం ఉన్న దాని గాజు బిరడా, 0.001 గ్రాము చూపించే కాటా. పైన ఫ్లాస్కుకు చెప్పిన లెక్కే దానికీ వర్తిస్తుంది. బిరడా రంధ్రంలోంచి పైకి ఉబికిన చుక్కను తుడిచాకే తూచాలి.